రొమ్ముతో విన్న మనిషి

మా కింది క్వార్టర్లో ఉండే బాబాయి గారు పోయి నెలైంది. ఒక గురువారం మధ్యాహ్నం భోంచేసి, గోడ వైపు తిరిగి పడుకున్నవారు మళ్లీ లేవలేదు. అప్పుడు నేను బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కోడలు. "టీచర్ గారూ, మామయ్య గారు పిలిస్తే పలకట్లేదండి," అంది. ఆయన ఎప్పుడూ పిలిస్తే పలికేవారు కాదు. చెవులు దాదాపు పోయాయి, భుజం తట్టాల్సిందే. ఆ మాటే అన్నాను. "తట్టాను," అంది.

ఆయన మాకు చుట్టం కాదు. ఇనుప రాయి తవ్వే గని కొండ కిందున్న మా బచేలీ టౌన్‌షిప్‌లో ఆంధ్రా నుంచి వచ్చిన ఇళ్లలో ప్రతి పెద్దాయనా ఏదో ఒక వరసలో బాబాయో పెదనాన్నో అవుతాడు. ఈయన విజయనగరం వైపు పల్లె నుంచి మీసాలు సరిగ్గా రాకముందే ఈ కొండకి వచ్చారట. ముందు డ్రిల్లింగులో, తరువాత బ్లాస్టింగులో పనిచేసి రిటైరయ్యారు. కొడుక్కీ గనిలోనే ఉద్యోగం కాబట్టి ఇక్కడే ఉండిపోయారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో దగ్గరగా అరిస్తే కొంచెం అందేది. కొడుకు కొనిపెట్టిన చెవి మిషను పెట్టెలోనే ఉండేది. ఎందుకు పెట్టుకోరని అడిగితే, "అది పెట్టుకుంటే అన్నీ ఇనిపిస్తాయమ్మా, కావలిసింది ఇనపడదు," అనేవారు. హాస్యానికి అంటున్నారనుకునేదాన్ని.

ఆయన గురించి రాయాలంటే నా డ్రమ్ముల సంగతి చెప్పాలి. మా బడి బ్యాండ్ గదిలో ఒక డ్రమ్ సెట్టు ఉంది. దాన్ని వాయించే మాస్టారికి బదిలీ అయ్యాక అది గోడవారన పడి ఉంటే, ఒకరోజు బడి వదిలాక ఊరికే కూర్చుని పది నిమిషాలు వాయించాను. నాకప్పటికి నలభై మూడేళ్లు. ఆ పదినిమిషాల్లో నా తలలో ఏ ఆలోచనా లేదని ఇంటికొచ్చాక తెలిసింది. అలాంటి పది నిమిషాలు నాకు చాలా ఏళ్లుగా లేవు. ఇంట్లో సాధన చేద్దామంటే కుదరదు. మా క్వార్టర్ల లైన్లో పొద్దున షిఫ్టు వాళ్లు, మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు, రాత్రి షిఫ్టు వాళ్లు అందరూ ఉన్నారు. ఏ గంటకైనా ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు. మావారూ అంతే. అందుకని పళ్లెమంత రబ్బరు ప్యాడ్ ఒకటి తెప్పించుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని పుల్లలతో మెల్లగా కొట్టేదాన్ని. పక్క గదిలో పడుకున్న మావారు కూడా కదిలేవారు కాదు.

మూడో రోజు సాయంత్రం తలుపు తీస్తే బాబాయి గారు. మెట్ల కిందే చెప్పులు విడిచి వచ్చినట్టున్నారు. చేయి తలుపు చెక్క మీద ఆనించి ఉంది.

"కొడతన్నది ఎవరమ్మా?" అన్నారు.

ఫిర్యాదు చేయడానికి వచ్చారనుకుని, చెవి దగ్గర నోరు పెట్టి క్షమించమని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "గోల కాదమ్మా. నీ ఎడం సెయ్యి ఎనకబడతంది. నాలుగోసారి మింగేస్తన్నావు. అది సెప్పి పోదామనొచ్చాను," అన్నారు.

నిజమే. నా ఎడమ చేయి నాలుగో దెబ్బ దగ్గర తడబడుతోందని నాకూ తెలుసు. మర్నాడు ఆయన కోడల్ని అడిగితే, కింద అసలేమీ వినపడలేదంది. మిక్సీ కూడా ఆపి విన్నానండి, ఏం లేదు, అంది.

ఆయన యవ్వనంలో తప్పెటగుళ్లు ఆడేవారట. రేకుతో చేసిన గుండ్రటి తప్పెటని రొమ్ముకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో గెంతుతూ, రెండు చేతులతో వాయించే ఆట. వాళ్ల జట్టుకి ఆయన అన్నగారే గురువు. "తప్పెట సెవుల్తో ఇనరమ్మా," అన్నారు ఒకసారి, అరచేతితో రొమ్ము తట్టి చూపిస్తూ. "ఇక్కడ కట్టుకుంటాం, ఇక్కడే ఇంటాం."

తరువాత ఆయన తరచూ వచ్చేవారు. గదిలోకి రాగానే ముందు గోడని ముట్టుకునేవారు, మనిషిని పలకరించినట్టు. కుర్చీలో ఎప్పుడూ వెనక్కి ఆనుకునేవారు కాదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేటప్పుడు కింద రుమాలు వేసేవారు. ఒక దరువు ఎన్నిసార్లు చెప్పినా విసుగు లేదు. నేను తొందరపడితే, "పరిగెత్తేవోడికి దారి గుర్తుండదు," అనేవారు. ఆ మాట ఇప్పుడు మా క్లాసులో పిల్లలకి భిన్నాలు నేర్పేటప్పుడు చెబుతుంటాను.

ప్యాడ్ చాలక, ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్టు కొందామనుకున్నప్పుడు నేనూ వస్తానని ఆయనే అన్నారు. మోకాళ్ల నొప్పులతో బస్సులో జగ్దల్‌పూర్ దాకా ఎందుకని వాళ్లబ్బాయి వారించినా వినలేదు. అంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాలేదు. నా మీద అభిమానం అనుకున్నాను.

దుకాణం మొదటి అంతస్తులో ఉంది. కింద దర్జీల గది. దుకాణదారు దగ్గర రెండు సెట్లున్నాయి. ఒకదానికి గట్టి రబ్బరు ప్యాడ్లు, ఇంకోదానికి దోమతెర లాంటి వల బిగించిన ప్యాడ్లు. అతను నాకు హెడ్‌ఫోన్లు పెట్టి, మోత మొత్తం మీ చెవుల్లోనే ఉంటుంది, బాహర్ ఆవాజ్ బిల్కుల్ నహీ, బయటికి చప్పుడే రాదు, అని హామీ ఇచ్చాడు. బాబాయి గారు ఆ మాట పెదవుల మీదే చదివి, కరెంటు తీసేయమన్నారు. హిందీలో, చాలా మర్యాదగా. దుకాణదారు నవ్వి తీసేశాడు.

"ఇప్పుడు కొట్టమ్మా," అన్నారు.

కరెంటు లేకపోతే ఆ యంత్రంలో మిగిలేది ఉత్త దెబ్బ ఒక్కటే. రబ్బరు మీద అది బల్ల మీద గరిటె కొట్టినట్టు టక్కుటక్కుమంది. వల మీద తలగడ తట్టినట్టు మెత్తగా పోయింది. కానీ అసలు గొడవ కాలితో తొక్కే డ్రమ్ముది. దాని దెబ్బ గాలిలోకి రాదు, నేలలోకి దిగుతుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని అరచేయి గచ్చుకి ఆనించి చూశారు. చాలదని మెట్లు దిగి కిందికి పోయారు. నేను ఒక్కో సెట్టు మీదా తొక్కుతూ ఉన్నాను. పదినిమిషాలైనా రాకపోతే దిగి చూశాను. దర్జీలు మిషన్లు ఆపేసి కూర్చున్నారు. మధ్యలో స్తంభానికి రొమ్ము ఆనించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారాయన.

వల సెట్టే కొన్నాం. అయినా ఆయనకి తృప్తి లేదు. టౌన్‌షిప్ క్లబ్బులో పారేసిన టెన్నిస్ బంతులు తెచ్చి, సగానికి కోసి, రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య అంటించి ఒక బల్ల చేశారు. దాని మీద సెట్టు పెడితే దెబ్బని బంతులు మింగేస్తాయట. బల్ల అమర్చిన రోజు ఆయన కిందికి వెళ్లారు. నేను చెమట పట్టేదాకా వాయించాను. ఆయన మెల్లగా మెట్లెక్కి వచ్చి, "ఏటీ లేదు," అన్నారు. తప్పిపోయిన మనిషి జాడ తెలిసినవాళ్ల మొహం ఎలా ఉంటుందో, ఆ మొహం అలా ఉంది.

ఆ తరువాత ఇరవై రోజులకనుకుంటా, మెట్ల దగ్గర కనిపించి అన్నారు. "నిన్న నాలుగింటికి బాగా వాయించావమ్మా. తప్పెట దరువే. ఎక్కడా తడబడలేదు."

నేను అంతకుముందు రోజు పరీక్షల డ్యూటీకి దంతెవాడ వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఏడైంది. మావారు మధ్యాహ్నం షిఫ్టు. మా ఇంటికి తాళం. ఆ సంగతి ఆయన చెవిలో చెప్పాను. భయపడతారనుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయి, చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. "నువ్వు కాదు. అయితే నువ్వు కాదు," అని తనలో తనే అనుకుని మంచినీళ్లు అడిగారు.

అప్పుడు చెప్పారు. ఆయన ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక వానాకాలం, సాయంత్రం నాలుగింటికి, కొండ దిగుతుంటే రొమ్ములో అన్నగారి తప్పెట మోగిందట. జ్ఞాపకం వచ్చినట్టు కాదు, దెబ్బ తగిలినట్టు మోగిందన్నారు. మర్నాడు టెలిగ్రాం వచ్చింది, అన్నకి జ్వరం ఎక్కువగా ఉంది, బయల్దేరమని. ఘాట్‌లో కొండచరియ విరిగి పట్టాల మీద పడి బండ్లు ఆగిపోయాయి. ఆయన ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. అన్నగారి ప్రాణం పోయింది టెలిగ్రాం రావడానికి ముందురోజు నాలుగింటికే, ఆ దరువు మోగిన వేళకేనట. అప్పటినుంచీ ఏడాదికోసారో రెండుసార్లో ఆ దరువు వచ్చేది. రిటైరయ్యాక ఎక్కువైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే చెవులతో పాటు మతీ పోయిందంటారు.

"నువ్వు ప్యాడ్ మొదలెట్టాక నాకు తెలీడం మానేసింది," అన్నారు. "ఏది నీదో, ఏది అన్నదో. నీది ఆగితేనే మిగిల్నది ఎవలిదో తెలస్తాది. అందుకే ఆ బల్ల."

ఒక్క క్షణం కోపం వచ్చింది. బస్సు ప్రయాణం, స్తంభం, బంతులు, అన్నీ నాకోసం అనుకున్నాను కదా. ఆయన నా మొహం చూసి, "మీ ఆయన నిద్దరకీ పనికొచ్చింది కదమ్మా," అన్నారు మెత్తగా. కోపం నిలవలేదు.

మావారికి చెబితే, కొండ మీద క్రషర్ తిరుగుతుంది, కన్వేయర్ తిరుగుతుంది, మధ్యాహ్నం బ్లాస్టింగ్ ఉంటుంది, ఆ అదురు నేలలోంచి వస్తుందన్నారు. సబబుగానే తోచి బాబాయి గారికి చెప్పాను. "పేలుడు నాకు తెల్దా అమ్మా? ముప్పయ్యేళ్లు నేనే పేల్చాను," అన్నారు. ఇక వాదించలేదు. కానీ ఆ వారమంతా బడి నుంచి రాగానే ముందు డ్రమ్ముల గదిలోకి తొంగి చూసేదాన్ని. పుల్లలు పెట్టినచోటే ఉండేవి. ఉన్నాయని తెలిశాక కూడా గదిలోకి వెళ్లడానికి కాస్త సమయం పట్టేది.

ఆయన పోవడానికి పది రోజుల ముందు వచ్చి, ఒక్కసారి ఆ బల్ల తీసేసి వాయించమని అడిగారు. హెడ్‌ఫోన్లు కూడా వద్దన్నారు. లైన్లో ఎవరు పడుకున్నారో నేను కనుక్కోలేదు. మా ఇద్దరికీ బరువైనా సెట్టుని దించి నేల మీద పెట్టాం. ఆయన నేర్పిన తప్పెట దరువే వాయించమన్నారు. నాలుగు కావస్తోంది. "మధ్యలో ఆగిపోకు. ఎవలైనా అందుకున్నట్టు తోచినా ఆగిపోకు," అని చెప్పి కిందికి వెళ్లారు.

వాయించాను. మొదట నా చేతులే. కొంతసేపటికి కాలి కింద గచ్చు తిరిగి తట్టినట్టు అనిపించింది. ఆయన కింద నుంచి కర్రతో కొడుతున్నారేమో అనుకున్నాను. నా ఎడమ చేయి ఎప్పుడూ తడబడే చోట తడబడలేదు. అక్కడ ఎవరో చేయి పట్టుకుని దాటించినట్టుంది. భయంతో కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ వాయించడం ఆపలేదు. ఇప్పటికీ అందుకు సంతోషిస్తాను.

కిందికి పరిగెత్తుకు వెళ్లాను. ఆయన తన గదిలో గోడకి రొమ్ము ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడి ఉన్నారు. చేతుల్లో కర్ర లేదు. భుజం తట్టాను. ఇటు తిరిగారు. మొహమంతా తడి.

"అన్న దినానికి అందుకోలేకపోయానమ్మా. ఈయాల అందుకున్నాను," అన్నారు.

ఆ పది రోజులూ ఆయన బాగా నిద్రపోయారని కోడలు చెప్పింది. నాకు చేయగలిగిన మేలు ఆయన చాలా చేశారు. నేను ఆయనకి చేసింది ఒక్కటే, ఆ సాయంత్రం ఆగకపోవడం.

పెద్దకర్మ అయ్యాక నేను సెట్టు మీద పాత దుప్పటి కప్పేశాను. ఇంకా వాయించలేదు. మొన్న ఆదివారం బట్టలు మడతపెడుతుంటే బాబాయి గారి కోడలు పైకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మీరిప్పుడు వాయిస్తున్నారా అండి?" అని అడిగింది. లేదన్నాను. నా మాట నమ్మనట్టు లోపలి గదిలోకి వెళ్లి చూసింది. దుప్పటి మీద కొండ నుంచి వచ్చే ఎర్రదుమ్ము సన్నగా, చెదరకుండా పరుచుకుని ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. సారీ అండి, అని దిగిపోయింది.

కింద తలుపు చప్పుడు ఎంతకీ వినపడకపోతే మెట్ల రెయిలింగు మీంచి తొంగి చూశాను. మెట్ల మధ్యలో ఆగి ఉంది. గోడ వైపు తిరిగి, అరచేయి గోడకి ఆనించి, తల కొంచెం వంచి. కింద వాళ్ల తలుపు తీసే ఉంది. స్టవ్ మీద పాలు పొంగి మాడుతున్న వాసన మెట్లెక్కి వస్తోంది. ఆమె కదలలేదు.