నేను వంచిన పట్టీ

చెయ్యని తప్పును ఒక మనిషి తనదేనని నమ్మి చచ్చిపోయాడు. అతన్ని అలా నమ్మించింది నేను. ఈ బరువును ఇన్నేళ్ళూ ఎవరికీ చూపకుండా మోశాను. నా భార్యకూ చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. మీరు నన్నెరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక కార్ల గ్యారేజీలో నేను మేస్త్రీని. సైన్యం లారీలకు తప్ప మామూలు బండ్లకు సామాను దొరికేది కాదు. మా దగ్గరికి ఒక వకీలుగారి కారు వచ్చేది. దాన్ని నడిపేవాడు చిన్నప్ప. ఆనేకల్ పక్క పల్లెవాడు. నాకంటే చిన్నవాడు, అన్నా అనేవాడు. రోడ్డు మీద గుంత కనిపిస్తే ఎద్దుబండి కంటే నిదానంగా దించేవాడు.

ఆ కారు ముందు ఎడమవైపు కమానులో ఒక పట్టీ విరిగితే నేనే మార్చాను. కమాను అంటే ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన కట్ట. బండి బరువును మోసేది అదే. కొత్త పట్టీ దొరకలేదు. పాడుబడిన లారీ పట్టీ ఒకటి తీసి, కొలిమిలో కాల్చి, వంచి వేశాను. వకీలుగారికి మాత్రం కొత్తదేనని చెప్పాను. ఆ రోజుల్లో అందరూ అంతే చేస్తున్నారు అనుకున్నాను. నిజంగా అందరూ చేశారా? ఏమో. నేను చేసింది మాత్రం నాకు తెలుసు.

కొన్ని నెలల తర్వాత చిన్నప్ప బండి తెచ్చాడు.

"అన్నా, స్టీరింగు తిప్పితే ముందర కిర్రుమంటాండాది. నేరుగా పోతే ఏమీ లేదు."

అతన్ని సీట్లోనే కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పమని నేను బండి కిందికి దూరాను. ఇలాంటి చప్పుడు విషయంలో చెవిని నమ్మకూడదు. ఒకచోట పుట్టి, ఇనుము వెంట పాకి, ఇంకోచోట వినిపిస్తుంది. ఒక్కొక్క కీలు మీద అరచెయ్యి ఆనించి చూడాలి. చక్రం తిరిగే కీలు మీద పెట్టాను. ఏమీ తగల్లేదు. స్టీరింగు కడ్డీ చివర పెట్టాను. అక్కడా లేదు. ఎడమ కమాను మీద పెట్టేసరికి, నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టు, చప్పుడు చేతికి తగిలింది. మడ్డి తుడిచి చూశాను. నేను వేసిన పట్టీ మీద, నేను వంచిన చోటనే, వెంట్రుకంత పగులు.

చెప్పి ఉంటే ఏమయ్యేది? పట్టీ విప్పాలి. విప్పితే, కొత్తదని చెప్పినది కొన్ని నెలలకే ఎందుకు పగిలిందని అడుగుతారు. మంచి మేస్త్రీ అన్న పేరు పోతుంది. అంతే. నేను కాపాడుకున్నది ఆ ఒక్క పేరునే. పట్టీల సందుల్లో గ్రీజు కూరి బయటికొచ్చాను.

"ఎండిపోయిండాది, ఇంకేం లేదు" అన్నాను.

అతను మళ్ళీ తిప్పి చూశాడు. "సద్దయితే తగ్గిండాది. కానీ అన్నా, పక్కకి గుంజినట్టు చేతికేమో తగుల్తాండాది."

"సుమ్నే లేనిపోని అనుమానం పెట్టుకోవద్దప్పా. నేను చూసినా కదా."

"నువ్వు చూసినావంటే సరే" అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఆనేకల్ దారిలో ఒక మలుపు దగ్గర పట్టీ తెగి, బండి చింతచెట్టును గుద్దుకుంది. వెనక కూర్చున్న వకీలుగారు గీతలతో బయటపడ్డారు. చిన్నప్ప మోకాలు నుజ్జయింది.

బండిని మా గ్యారేజీకే లాక్కొచ్చారు. వకీలుగారు వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. పట్టీ తెగి బండి చెట్టు మీదికి పోయిందా, చెట్టును గుద్దాక పట్టీ తెగిందా? తెగిన అంచు సగం తుప్పుతో నల్లగా ఉంది, సగం తళతళలాడుతోంది. నల్లటి సగం పాత పగులు. ఆయనకది తెలియదు. గుద్దిన దెబ్బకే తెగిందని చెప్పాను. మలుపులో వేగం ఎక్కువై ఉంటుందని, ఆయన అడక్కుండానే, ఇంకో మాట కలిపాను. ఆ రెండో మాట ఎందుకన్నాను? మొదటిది చాలదని భయపడ్డానా? ఇప్పటికీ నాకు తెలియదు.

చిన్నప్ప పని పోయింది. ఆసుపత్రికి చూడబోయాను. అతనే మొదలుపెట్టాడు.

"నాదే తప్పన్నా. నిదానంగానే పోయినట్టుండాది నాకు. కానీ బండి నువ్వు చూసినావు కదా, దాంట్లో దోషం లేదు. అంటే నేనే బిర్నా, జోరుగా తిప్పింటాను."

అప్పుడు చెప్పాల్సింది. "అయిందేదో అయింది, ఊరుకోప్పా" అని, తెచ్చిన బత్తాయిలు అతని భార్య చేతిలో పెట్టి వచ్చేశాను.

తర్వాత ఒక పెంకుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. కాలు వంగేది కాదు. అక్కడికొచ్చే లారీ డ్రైవర్లకు ఆ కాలు చూపించి, మలుపులో ఒళ్ళు మరిచి నడిపితే ఇదీ గతి అని బుద్ధి చెప్పేవాడు. నేను ఆ దారిన ఎన్నోసార్లు పోయాను. కనిపిస్తే నవ్వేవాడు, బీడీ ఇచ్చేవాడు. పుచ్చుకునేవాణ్ణి.

అతను పోయి చాలాకాలమైంది. భార్య ఉంది. వెళ్ళి ఆమెతో చెప్తానని మీకు మాటివ్వను. అలాంటి మాటలు నాకు నేను చాలా ఇచ్చుకున్నాను. క్షమించమని కూడా అడగను. అది మీరిచ్చేది కాదు.

చిన్నప్ప వేగంగా నడపలేదు. పట్టీ ముందే తెగింది. పగిలిందని తెలిసే నేను బండిని పంపాను.

ఈ మూడు మాటలూ మొదటిసారి బయటికి అన్నాను.