రెండుసార్లు పడ్డ ఉప్పు

హేసుక్ తొట్టెలో ఉప్పుకి ఊరిన క్యాబేజీ ఆకు కొస తుంచి నోట్లో వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది. అది ఉప్పదనం కాదు, చేదు. తొట్టె పక్కన ఒక ఖాళీ ఉప్పు గోతం ఉండాల్సిన చోట రెండున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం పోసిన ఉప్పు సంగతి మర్చిపోయి, చీకటి పడేముందు మళ్ళీ పోసింది.

అన్నదమ్ముల ఇళ్ళన్నిటికీ శీతాకాలమంతా సరిపడా కిమ్చీ, అంటే క్యాబేజీ ఊరగాయ, ఆ పెరట్లోనే తయారవుతుంది. ఉప్పు పని మాత్రం పెద్దకోడలిదే. హేసుక్ ఆ ఇంటికి వచ్చినప్పట్నించీ ఆమె చేతికి వంక పెట్టినవాళ్ళు లేరు.

కారం కలుపుతున్న అత్తగారు లేచొచ్చి ఓ ఆకు కొరికి మొహం చిట్లించింది.

"ఎవరే ఇంత ఉప్పు పోసింది?"

పొయ్యి మీద పంది మాంసం ఉడికిస్తున్న మగాళ్ళు కూడా తలలు తిప్పారు.

"బోరమ్‌ని పైపైన కాస్త చల్లమన్నానత్తయ్యా," అంది హేసుక్.

చల్లమన్న మాట నిజమే. అందుకే చిన్న తోడికోడలు బోరమ్ గట్టిగా కాదనలేకపోయింది. గుప్పెడే కదక్కా వేశానని గొణిగింది. సియోల్ పట్నం పిల్లల గుప్పెడు అంత పెద్దదా అంది అత్తగారు. అందరూ నవ్వారు. హేసుక్ కూడా నవ్వింది. ఉప్పు కంటే, ఆడిన మాట కంటే, ఆ నవ్వే తర్వాత ఆమెను ఎక్కువ కాల్చింది.

ఎందుకలా అందంటే, భయం. వాళ్ళమ్మ ఇదే వయసులో పొయ్యి మీద గిన్నె మర్చిపోవడంతో మొదలుపెట్టి, చివరికి కూతుర్నే ఎవరమ్మా నువ్వు అని అడిగింది. హేసుక్‌కి నెలసరి ఆగిపోయింది. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి, నిద్ర లేదు, తెలిసినవాళ్ళ పేర్లు నాలుక దాకా వచ్చి ఆగిపోతున్నాయి. తల్లి రోగం కూతురికీ వచ్చిందని అత్తవారింట్లో అనుకోకూడదు. ఆ తొందరలో చేతికందిన పేరు బోరమ్.

ఆకుల మధ్య ముల్లంగి చెక్కలు దూర్చారు. ముల్లంగి ఉప్పుని కొంత లాగింది, అంతా లాగలేదు. చలికాలమంతా అన్ని ఇళ్ళలోనూ అదే కిమ్చీ. హేసుక్ మొగుడు గ్యూచోల్ ముద్ద ముద్దకీ నీళ్ళు తాగి, మరదలి చేతి మహిమ అని నవ్వేవాడు. ఓరోజు హేసుక్ కిమ్చీ గిన్నె అతని ముందునుంచి లాగి సింకులో కుమ్మరించింది. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు, ఎవరూ గుర్తుపట్టకుండా మాస్కు కళ్ళ కింది దాకా లాక్కుని, ఆరోగ్య కేంద్రానికెళ్ళి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకుంది. మతిమరుపు రోగం లేదన్నారు. కౌన్సెలర్ జిన్‌యంగ్ ఆమె నిద్ర గురించి, నెలసరి గురించి, ఏడుపు గురించి అడిగింది. ఇవి నెలసరి ఆగే వయసులో చాలామందికి వచ్చే తిప్పలేనని, ఆవిర్లకీ నిద్రకీ డాక్టరు మందిస్తాడని, మనసుకి మాత్రం తోటివాళ్ళతో మాట్లాడ్డం కావాలని చెప్పి, వారం వారం ఆడవాళ్ళు కూర్చునే గుంపులోకి రమ్మంది.

హేసుక్ తేలికపడింది. అయితే తప్పు తనది కాదన్నమాట, వయసుది. ఆ ఉత్సాహంలోనే గుంపులో ఉప్పు కథంతా చెప్పేసింది. ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. బడి బస్సు నడిపే ఓక్‌సున్ తను బస్సు తాళాలు రైస్ కుక్కర్లో పెట్టి ఊరంతా వెతికిన సంగతి చెప్పింది. నవ్వులాగాక ఆమే అడిగింది.

"మరి ఆ పిల్లకి చెప్పావా?"

హేసుక్ కాపాడమన్నట్టు జిన్‌యంగ్ వైపు చూసింది. జిన్‌యంగ్ మెల్లగా అంది:

"మర్చిపోయినందుకు సిగ్గుపడక్కర్లేదండీ. మీరు సిగ్గుపడుతున్నది అందుకేనా?"

ఆ పూటే హేసుక్ ఇంటికొచ్చి బోరమ్‌కి ఫోన్ చేసింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగకుండా చెప్పేసింది.

"ఆ రోజు కార్లో నేను ఏడుస్తుంటే," అంది బోరమ్, "మా ఆయన కూడా, నిజంగా గుప్పెడేనా అని అడిగాడక్కా. నాకే అనుమానమొచ్చింది, ఎక్కువ వేశానేమోనని." మళ్ళీ తనే, "నన్నన్నది అందరి ముందూ. నాకొక్కదానికి ఫోన్లో చెబితే ఎలా?"

వసంతంలో మామగారి సంవత్సరీకం వచ్చింది. దండాలు పెట్టడాలయ్యాయి, అందరూ భోజనానికి కూర్చున్నారు. పులిసిన కిమ్చీతో కాచిన పులుసులో నీళ్ళెన్ని పోసినా ఉప్పు తెలుస్తూనే ఉంది. అత్తగారు బోరమ్ వైపు చూసి ఏదో అనబోయింది.

"అత్తయ్యా, ఉప్పు రెండుసార్లు పోసింది నేను. బోరమ్ కాదు."

చెంచాలు ఆగాయి. హేసుక్ చెవులు మండిపోతున్నాయి. అక్కడితో ఆపొచ్చు. ఆపితే మళ్ళీ సగమే చెప్పినట్టవుతుంది. తనకు నెలసరి ఆగిపోయిందని, మర్చిపోతోందని, అమ్మలా అవుతానని భయపడి చిన్నదాని మీదికి తోసేసిందని, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోందని పళ్ళెంలోకి చూస్తూ చెప్పింది. గ్యూచోల్ మెడ దాకా ఎర్రబడ్డాడు. మరిది దగ్గు నటించాడు.

"మగాళ్ళ ముందు ఏం మాటలే అవి," అంది అత్తగారు.

"నన్నన్న రోజు కూడా మగాళ్ళు ఇక్కడే ఉన్నారు కదత్తయ్యా," అంది బోరమ్.

అత్తగారు మళ్ళీ చెంచా చేతిలోకి తీసుకుంది.

గిన్నెలు కడిగేటప్పుడు తోడికోడళ్ళిద్దరే మిగిలారు. కోపం పోయిందా అని హేసుక్ అడిగింది, అడగడానికీ సిగ్గుపడుతూనే.

"ఇంకా పోలేదక్కా," అంది బోరమ్, చేతిలో గిన్నె తుడుస్తూ. "వచ్చే ఏడు ఉప్పు నేను పోస్తా. మీరు పక్కన కూచుని నేర్పండి."