బొటనవేలి లోతు

సముద్రం దాటి మేం కూలికొచ్చిన సుంగై సిపుట్ రబ్బరు తోటలో మా మామ కూలివాడే అయినా, దొర వేటకు తూటాలు కట్టేది ఆయనే. కాల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్లీ తుపాకి మందు పోసి, పైన సీసపు గుండు బిగించేవాడు. దుప్పి కూలగానే పరిగెత్తుకెళ్లి, అది ఇంకా కాళ్లు తన్నుకుంటుండగానే గాయంలోకి బొటనవేలు దూర్చేవాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

"సచ్చే జీవిని ఏటి మామా, ఆ పొడవడం?"

"గుండు ఎంత లోతుకెల్లిందో సూడాల్రా. ఏలు మొదలంటా దిగితే మందు సరిపోయినాది. దిగకపోతే ఇంకో సిటికెడు ఎయ్యాల. లేపోతే ఆ గాయంతో పరిగెట్టి పరిగెట్టి సస్తాది."

ఒకనాడు మేమంతా డప్పులు కొడుతూ పొదల్లోంచి దుప్పుల్ని తోలుతున్నాం. గడ్డి కదిలిందని దొర కాల్చాడు. పడింది దుప్పి కాదు, మామ తమ్ముడు.

మామ వచ్చి వాడి మీద పడ్డాడు. ఛాతీలోంచి చిమ్ముతున్న నెత్తురు ఆపడానికి బొటనవేలు కుక్కాడు. అది మొదలంటా దిగిపోయింది. మామ తలెత్తి మమ్మల్ని చూశాడు.

"మందు సరిపోయినాది" అన్నాడు.

తమ్ముడి ఒళ్లు చల్లబడ్డాక కూడా ఆ వేలు బయటికి తియ్యలేదు. మేమే చెయ్యి పట్టుకుని లాగాం.