తనంతట తానే తగ్గే పక్షవాతం

నరసరావుపేటలో జాకెట్లు కుడతాను. ఆ రోజు మధ్యాహ్నం గుడ్డ కత్తిరిస్తుంటే దాని మీద వంకర టింకరగా మెరుపుగీతలు కనిపించాయి. కళ్ళు నులుముకున్నా పోలేదు. కాసేపటికి ఎడమ అరచేతిలో తిమ్మిరి మొదలై భుజం దాకా పాకింది, చెయ్యి పట్టు తప్పింది. మా ఆయన్ని పిలుద్దామంటే మాట రాలేదు. ఆ వెంటనే తల పగిలిపోయే నొప్పి. దేవుడా, అమ్మ రోగమే నాకూ వచ్చిందనుకున్నాను.

అమ్మకు ఉన్నట్టుండి ఒక పక్క పడిపోయేది. మా వైపు పక్షవాతానికి పావురాన్ని కోసి, వేడి నెత్తురు చేతికీ కాలికీ పూస్తారు. అందుకోసమే గురజాలలో మా నాయన పావురాల్ని పెంచేవాడు. పూసిన మర్నాటికి అమ్మ లేచి వంట చేసేది. చివరిసారి గడప తట్టుకుని పడి, తలకు దెబ్బ తగిలింది. నెత్తురు పూసినా ఇక లేవలేదు. పోయాక స్నానం చేయిస్తుంటే ఆమె చేతి మీద ఎండిన నెత్తురు ఎంతకీ వదల్లేదు.

నా సంగతి తెలిసి నాయన సంచిలో పావురంతో బస్సు దిగాడు.

"ఆస్పత్రి ఎందుకు అల్లుడూ? ముందు ఇది పూద్దాం. వాళ్ళమ్మ ఎన్నిసార్లు లేవలా?"

మా ఆయన మామగారి ముందు గొంతెత్తని మనిషి. ఆ రోజు అరిచాడు. "దాన్ని బయటెట్టండి మామయ్యా!" నన్ను ఆటో ఎక్కించాడు.

సీటీ, ఎంఆర్ఐ, రక్తంలో సోడియం, కిడ్నీ పరీక్షలు, అన్నీ నార్మల్. మర్నాటికి చెయ్యి దానంతటదే కదిలింది. "స్ట్రోక్ కాదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు డ్యూటీ డాక్టరు. టెన్షనంట! ఒళ్ళు మండింది. కొన్నాళ్ళకే మళ్ళీ పడిపోయాను. ఈసారి మాట రావడానికి రోజులు పట్టింది.

గుంటూరులో న్యూరాలజిస్టు మాత్రం, "మీ అమ్మగారికీ ఇలాగే వచ్చేదా?" అని అడిగారు. జీన్ టెస్టులో తేలింది, హెమిప్లీజిక్ మైగ్రేన్, అంటే ఒక పక్క చచ్చుబడే మైగ్రేన్ తలనొప్పి.

"ప్రతి కణానికీ సోడియాన్ని బయటికి తోడి, పొటాషియాన్ని లోపలికి లాగే పంపు ఉంటుందమ్మా. అన్నిచోట్లా ఒకటే రకం కాదు. కిడ్నీలో ఆల్ఫా వన్, మెదడు నరకణాల్లో ఎక్కువగా ఆల్ఫా త్రీ, వాటిని కనిపెట్టుకుని ఉండే కణాల్లో ఆల్ఫా టూ. మీ లోపం ఆల్ఫా టూలో. అది సరిగా తోడనప్పుడు మెదడులో ఒక భాగం కాసేపు మొద్దుబారి, ఆ పక్క చచ్చుబడుతుంది. కిడ్నీలో ఉండేది వేరే రకం కాబట్టే ఆ రిపోర్టులు బాగున్నాయి. జంతువుల్లోనూ అంతే, ఏ అవయవానికి తగ్గ రకం దానికి."

పక్కన కూర్చున్న నాయన కదిలాడు. "మరి పావురం నెత్తురుతో ఎట్టా తగ్గేది సార్?"

"పూయకపోయినా తగ్గేదండీ. ఈ జబ్బు తీరే అంత. కానీ వీళ్ళకు తలకు చిన్న దెబ్బ తగిలినా మెదడు వాచే ప్రమాదం ఉంది."

నాయన డాక్టరుగారి బల్ల మీదికి వంగాడు. "ఆ రోజు ఇక్కడికి తెచ్చుంటే బతికేదా?"

"చెప్పలేనండీ" అన్నారు డాక్టరుగారు.

ఇంటికెళ్ళి నాయన పావురాలన్నిటినీ వదిలేశాడు. అవి పొద్దుగూకే వేళకు తిరిగొస్తాయి. రెక్కల చప్పుడు వినపడితే లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు.

మొదట ఇచ్చిన మందుకు మత్తుగా ఉండి మిషన్ తొక్కలేకపోయాను. మందు మార్చాక ఇప్పుడు అటాక్‌లు ఎప్పుడో గానీ రావడం లేదు. నా భయమంతా ఇంటర్ చదివే మా అమ్మాయి గురించే. తనకు వచ్చే అవకాశం సగానికి సగమట. ఏ లక్షణమూ లేదు కాబట్టి, టెస్టు సంగతి పెద్దయ్యాక తననే నిర్ణయించుకోనివ్వమన్నారు. అది గ్లాసు ఎత్తినా, పెన్ను పట్టినా నా కళ్ళు దాని ఎడమ చేతి మీదే.

"నన్నట్టా చూడమాకమ్మా" అంది మొన్న. "నేనింకా అమ్మమ్మలా పడిపోలేదుగా."

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఒక పక్క చచ్చుబడితే, గంటలో సర్దుకున్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, ఇంట్లో ఇంకెవరికి అలా వచ్చిందో చెప్పండి. తగ్గుతుందిలే అని కూర్చోకండి. అమ్మ చివరిసారి పడిన రోజు మేమంతా చుట్టూ కూర్చుని, లేస్తుందనే ఎదురుచూశాం.