పురుగులు పండిన ఆదివారం

మా మదనపల్లె చర్చిలో ఏటా ఒకరోజు సువార్త పనికి బయటికి పోయినవాళ్ళను నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తారు. ఒకాయన నేపాల్ కొండల గురించి చెప్తాడు. ఒకామె ఆఫ్రికాలో తిన్న గడ్డల గురించి చెప్తాది. నా వంతు వచ్చేసరికి జనం భోజనాల పక్కకు చూస్తా ఉంటారు. నేను పోయింది కుప్పం అవతలికి. మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరు దాటి, పలమనేరులో ఇంకో బస్సు పట్టుకునే దూరానికి ఎవురికి కావాల కథ?

అయినా చెప్తాను. నాకు అది పరదేశమే. ఆడ తెలుగులో సగం అరవం, సగం కన్నడం. చుట్టరికంతో నన్ను వరస పెట్టి పిలిచే మనిషి ఒక్కరు లేరు. వరస పెట్టి పిలిచేవాళ్ళు లేని చోటే పరదేశం, దానికి ముద్ర కొట్టిన పుస్తకం అక్కరలేదు.

నేను పుంగనూరు దగ్గర మేకలు కాసుకునే ఇంట్లో పుట్టినాను. మదనపల్లె టమోటా మండీలో గంపలు మోసినాను. నెత్తిన జుట్టు నెరిసేటప్పుడు అక్షరాలు నేర్చుకున్నాను, అదీ బడిలో కాదు. మండీ పెట్టెల మీద రంగుతో రాసిన పేర్లు చూసి చూసి, ఇది 'ప', ఇది 'ర' అని పక్కనుండే గుమాస్తాను పీడించి నేర్చుకున్నాను. ఆ తర్వాత చర్చిలో బైబిలు చేతికిచ్చినారు. ఆలస్యంగా అక్షరం వచ్చినవాళ్ళకి ఒక మొండితనం ఉంటాది. ఒకసారి పట్టుకున్నది వదలరు. నన్ను ఆ ఊరికి పంపినప్పుడు కూడా అంతే, పట్టుకున్నాను.

నాకు గది ఇచ్చినామె పట్టుపురుగులు పెంచే రైతు. మొగుడు బెంగుళూరులో గ్రానైటు పాలిష్ పనికి పోతాడు, పండగకో పబ్బానికో వస్తాడు. పురుగుల షెడ్డు తలుపుకు ఆమె పసుపు కుంకుమ పెట్టుకుంటాది. పక్క గదిలో నేను మోకరిస్తాను. వచ్చిన మొదటి రోజే ఆమె చెప్పేసింది, గది బాడుగకిచ్చినాను గానీ చెవులు ఇయ్యలేదు, నీ పాటలు నీ గదిలోనే పాడుకో పెద్దమ్మా అని. నాకు ఆ మాట నచ్చింది. లోపల ఒకటి, బయట ఒకటి లేని మనిషి. ఆ గదిలోకే ఆదివారం పూట ఊర్లో మూడిండ్లవాళ్ళు ప్రార్థనకు వస్తారు. మేకలోళ్ళు, కూలోళ్ళు. అంతకంటే నాకు చర్చి లేదు.

ఆ వారం ఎట్లా మొదలైందంటే, ఆమె మరిది వాకిట్లో నిలబడి అందరూ వినేటట్లు ఒక మాట అన్నాడు. పోయిన పంటలో పురుగులు పాలరోగం తగిలి, ఒంట్లోనుంచి పాలు కారి చచ్చినాయి. ఆకు దండగ, కష్టం దండగ. నేను వచ్చినాక పడిన మొదటి పంట అది.

"ఈ పంట కూడా పోయిందంటే ఈ ముసలామె ఈడ ఉండేది లేదు వదినా. ఇప్పుడే చెప్తాండాను" అన్నాడు.

అప్పుడే నాలుగో నిద్ర లేచి, అంటే నాలుగోసారి పొర విడిచిన పురుగులు షెడ్డు నిండా ఉండాయి. ఆ వయసులో అవి రాక్షసి మాదిరి తింటాయి. ఆకు ఒక పూట ఆలస్యమైనా, తడి ఆకు తిన్నా చస్తాయి. ఆమెకు మరిదితో వాదించేదానికి కూడా తీరిక లేదు. నాకు మాత్రం అర్థమైంది. ఈ పురుగులు బతికితేనే నా గది. నా గది పోతే ఆ మూడిండ్లవాళ్ళకి కూర్చునేదానికి చోటు లేదు. నన్ను వాపసు పిలిస్తే ఆ ఊరికి ఇంకొకర్ని పంపరు.

ఆ మాట ఊరంతా పాకింది. మరుసటి రోజు నుంచి నా గడపకు ఎవురూ రాలేదు. ప్రార్థనకు వచ్చే మేకలోళ్ళ కోడలు దారిలో ఎదురైతే కొంగు సర్దుకుంటా పక్కకు తిరిగింది. నేనేమీ అనుకోలేదని చెప్తే అది అబద్ధం. బాగా అనుకున్నాను.

దానిపైన ముసురు పట్టింది. కార్తీకంలో పట్టే ముసురు సంగతి మా పక్కన అందరికీ తెలిసిందే, ఆకాశం ఏడుపు ఆపదు. మల్బరీ తోటంతా తడిసి ముద్దయింది. ఆకు కోసే కూలీ మనిషి జ్వరమని రాలేదు. ఆమె ఒక్కతే తడి కొమ్మలు మోసుకొచ్చి, విదిలించి, గోడకు ఆనించి, గుడ్డతో ఒక్కో కొమ్మా తుడుస్తాండాది.

కొడవలి తీసుకుని నేను తోటలోకి దిగినాను. ఆమె వద్దంటే నేను వినలేదు. ఆ ఊర్లో ఒక కట్టుబాటు ఉండాది. పురుగులు పెద్దవైనాక బయట మనుషులు షెడ్డులోకి పోకూడదు. కళ్ళు పడతాయంటారు, కాళ్ళ వెంట రోగం వస్తాదంటారు. ఈ రెండోది పట్టుపరిశ్రమ ఆఫీసరు కూడా చెప్తాడు. అదే పురుగులు పండిన రోజు మాత్రం వీధి వీధినంతా పిలుస్తారు. పండిన పురుగు ఆకు మానేసి, గూడు కట్టుకునేదానికి చోటు వెతుక్కుంటా తల పైకెత్తుతాది. అన్నీ ఒక్కసారిగా ఎత్తుతాయి. వాటిని ఏరి చంద్రికల మీదికి చేర్చాల. చంద్రికంటే వెదురు తడక మీద చుట్టలు చుట్టలుగా బద్ద కట్టిన పెద్ద పళ్ళెం. ఆ పని ఒకరిద్దరితో అయ్యేది కాదు. ఆ రోజు పిలుపు రాని మనిషి ఆ వీధి మనిషి కాదని లెక్క.

అందుకని నేను షెడ్డులోకి పోలేదు. కొమ్మలు కోసి తలుపు దగ్గర పెట్టినాను. "గడప దాటను పాపా, నువ్వు దిగులు పడొద్దు. కానీ ఆకు కోసే చెయ్యి ఎవురి దేవునిదని పురుగు అడగదు" అన్నాను. ఆమె నా పక్క చూసింది, కొమ్మలు లోపలికి తీసుకుపోయింది.

తుడిచే గుడ్డలన్నీ తడిసిపోయినాయి. ఆరేసేదానికి ఎండ లేదు. నా దగ్గర ఆదివారానికి కట్టుకునే తెల్ల చీర ఒకటి ఉండాది. దాన్ని పరిచి కొమ్మలు దాంట్లో చుట్టినాను, తడి పీల్చుకుంటాదని. మల్బరీ మరక సాకలికి కూడా లొంగదు. పోతే పోయింది. తెల్లచీర కట్టుకుంటే దేవునికి నేను కొత్తగా కనపడతానా?

మధ్యలో కుప్పం పోవాల్సి వచ్చింది, సున్నప్పొడికి. తేమ ఉంటే పురుగుల మీద పలచగా సున్నం జల్లుతారు. బస్టాండు దగ్గర కొట్టాయన నొసట నామం పెట్టుకుని గల్లాలో కూర్చుని ఉంటాడు, నన్ను చూస్తే ఆయనకు ఎగతాళి.

"ఏమమ్మా, మీ దేవుడు నీ మోకాళ్ళు ఇంకా బాగు చేయలేదే?"

"మీ దేవుడు నీ తూకం బాగు చేయనీ అప్పా, ఆ తర్వాత నా మోకాళ్ళ సంగతి చూస్తాం."

కొట్లో ఉండేవాళ్ళు నవ్వినారు, ఆయన కూడా నవ్వినాడు. వాన సంగతి, ఆకు సంగతి చెప్పినాను. ఆయన లోపలికి పోయి చక్కెర మూటల మీద కప్పే పెద్ద పట్ట తెచ్చి, మడిచి నా చంకలో పెట్టినాడు. దీన్ని తోటలో కట్టి కొమ్మల మీద కప్పుకోండి, వాన నిలిచినాక తెచ్చి ఇద్దువు గానీ అన్నాడు. ఆ పట్ట మోసుకుని బస్సులో నిలబడి వచ్చినాను. నిలబడే వచ్చినాను గానీ మోకాలు నొప్పి తెలియలేదు. చర్చిలో దీవెన అంటే ఉద్యోగం, ఇల్లు, వీసా చెప్తారు. నాకు ఆ వారంలో వచ్చిన మొదటి దీవెన చక్కెర వాసన కొట్టే పట్ట.

రెండోది సంగటి. ఆ సాయంత్రం తోటలోనుంచి వచ్చేసరికి గడప మీద గిన్నె మూసిపెట్టి ఉండాది. రాగి సంగటి, ఉలవచారు. గిన్నె ఎవురిదో నాకు తెలుసు. కొంగు సర్దుకుని పక్కకు తిరిగిందే, ఆ కోడలిది. ఒక్క మాట లేదు, మనిషి లేదు. కడుపు నిండా తిన్నాను, గిన్నె కడిగి ఆమె గోడ మీద పెట్టి వచ్చినాను. నేను కూడా మాట్లాడలేదు. పంతమంటే అట్లా ఉండాల.

మదనపల్లె నుంచి పాస్టరయ్య ఫోను. చిన్నవాడు, మంచివాడే. ఊర్లో గొడవ ఆయన చెవిన పడింది. అమ్మా, మీకు వయసైంది, వచ్చేయండి, మీ బదులు ట్రైనింగు అయిన పిల్లను చూస్తాము అన్నాడు. ఆ పిల్లను పంపండి, ఇద్దరం ఉంటాము, గది చాలుతాది అన్నాను. నేను మాత్రం పురుగులు చంద్రికలెక్కేదాకా కదిలేది లేదన్నాను. పురుగులేంటమ్మా అన్నాడు. మళ్ళీ చెప్తానని పెట్టేసినాను. వాన మళ్ళీ పెరిగేలోగా కోయాల్సిన సాలు ఇంకా ఉండాది.

పురుగుల కోసం ప్రార్థన చేసినావా అని అడుగుతారు. చేసినాను. "ప్రభువా, ఈ పురుగులు బతకాల, నా కోసం కాదు" అని చెప్పబోయి ఆగినాను. దేవుని దగ్గర అబద్ధమెందుకు? నా కోసం కూడా అని చెప్పినాను.

ఆదివారం పొద్దున ముసురు తెరిపిచ్చింది. మూడిండ్లలో రెండిండ్లవాళ్ళు వచ్చినారు, గిన్నె పెట్టిన కోడలు ముందు కూర్చుంది. మరకల చీరే కట్టుకుని నేను బైబిలు తెరిచినాను. కళ్ళద్దాలు సర్దుకుని మొదటి మాట చదవబోతాండగా తలుపులో ఇంటామె నిలబడింది. జడ ఊడిపోయి ఉండాది, మోచేతుల దాకా సున్నం.

"పండినాయి పెద్దమ్మా. అన్నీ తలలెత్తినాయి. రాండి."

ఆమె వెనకాల మరిది ఉండాడు. "ఈమె యాల వదినా? పంట ఇంకా చేతికి రాలా. గూళ్ళు కట్టనీ, అప్పుడు సూద్దాం" అన్నాడు.

ఆమె ఆయన పక్క తిరిగి కూడా చూడలేదు. "పంట పోతే నాది పోతాది. పిలిచే నోరు నాది. ఇష్టముంటే నువ్వూ రా, లేదంటే ఆ చంద్రికలన్నా ఇట్లందియ్" అనింది.

బైబిలు మూసినాను. కోడలు మూయొద్దమ్మా అనబోయి ఊరుకుంది. అందరం కాళ్ళు కడుక్కుని ఆ షెడ్డులోకి పోయినాము. అన్నాళ్ళు తలుపు దగ్గర నిలబడిన దాన్ని, ఆ రోజు లోపలికి అడుగు పెట్టినాను. పండిన పురుగు ఒంట్లో వెలుతురు దూరి పోతాది, తేనె రంగు ద్రాక్షపండు మాదిరి. చేతిలో పెట్టుకుంటే చల్లగా ఉంటాది. తల అటూ ఇటూ ఆడిస్తా దారం పోసేదానికి ఆధారం వెతుక్కుంటాది. దాన్ని చూస్తే నవ్వొచ్చింది. నేనూ ఆ వారమంతా ఆ పనే చేసినాను.

ఏరేటప్పుడు నాకు ఎదురుగా మరిదే పడినాడు.

"మెల్లగా పట్టుకోమ్మా, నలిగిపోతాయి" అన్నాడు.

"నీ నోట్లో నేను నలిగినంత నలగవులే అప్పా."

పక్కన ఆడోళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన తల దించుకుని ఏరతానే ఉన్నాడు. కాసేపటికి నిండిన చంద్రిక నేను ఎత్తలేకపోతే తానే వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు.

పొద్దు వాలే వేళకు పాస్టరయ్య మళ్ళీ ఫోను చేసినాడు, ఆరాధన ఎట్లా జరిగిందని. జరగలేదయ్యా అన్నాను. ఎందుకమ్మా అంటే, పురుగులు పండినాయి, పిలిచినారు, పోయినాము అన్నాను. ఆయన మెల్లగా, అయితే ఏమని చెప్పమంటారు పెద్దలకు అన్నాడు. జరగలేదనే చెప్పండి, నా పేరు చెప్పే చెప్పండి అన్నాను. ఇప్పుడూ అదే చెప్తాండాను, మీ అందరి ముందర. ఆ ఆదివారం వాక్యం చదవలేదు, పాట పాడలేదు. వీధి వీధినంతా పిలిచినప్పుడు నన్నూ పిలిచినారు, నేను పోయినాను. దాన్ని సాక్ష్యం కింద లెక్కేయనంటే మీ ఇష్టం. భోజనాలు ఆడ వడ్డిస్తాండారు.

గూళ్ళు ఒక మాదిరిగా వచ్చినాయి. తేమకు కొన్ని మరకపడినాయి, బాగుండేవి బాగుండాయి. గొప్ప పంటంటే అబద్ధం, పోయిందంటే అంతకంటే అబద్ధం. మరిది ఆ మరకల గూళ్ళు చేతిలో పెట్టుకుని, సూసినావా వదినా అని మళ్ళీ మొదలుపెట్టినాడు. ఆమె వినపడనట్లే, వచ్చే పంటకు కావాలని చంద్రికలు కడిగి, ఒకటొకటిగా మోసుకొచ్చి నా గది గోడకు ఆనించి ఎండబెట్టింది, వాటి మీద నా తెల్లచీర కూడా పరిచింది. నా తలుపు సగం మూసుకుపోయింది. నేను పక్కకు తిరిగి, వాటి సందులో దూరి, నా గదిలోకి పోయినాను.