లెక్కలోకి రాని మొదటి కాయ

ఆ ఉద్యోగం కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా సంఘం బైబిలు స్త్రీ, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఆవిడ. పర్చూరు నుంచి ఎండలో నడిచొచ్చి, మంచినీళ్ళయినా తాగకుండా చెప్పారావిడ. గుంటూరు దారిలో ఉన్న పత్తి మిల్లుకు కంప్యూటరు వస్తోందట. ప్రోగ్రాములు రాయడం వాళ్ళే నేర్పుతారట. ముందు మాత్రం చిక్కు లెక్కల పరీక్ష గెలవాలట.

చిన్నప్పుడే నాకు ఎడమ కాలు చచ్చుబడింది. అక్షరాలు, ఎక్కాలు, ప్రైవేటుగా కట్టిన ఇంటరు చదువు, అన్నీ ఆవిడే మా వసారాలో కూర్చోబెట్టి చెప్పారు. నేను చేలోకి దిగలేను. మిరపకోతలతో అమ్మ నడుము వంగిపోతోంది. కూర్చుని చేసే పని మళ్ళీ మా దాకా వస్తుందన్న ఆశ లేదు.

వేరే ఊళ్ళలో ఇలాంటి పరీక్ష రాసినవాళ్ళను అడిగి ఆవిడ కొన్ని సైక్లోస్టైల్ కాగితాలు తెచ్చిచ్చారు. నిండా గళ్ళు, బాణాలు. పెట్టెలో ఇరవై ఉన్నాయి, ఒకటి తీయి, లెక్కకు ఒకటి కలుపు, పది అయితే ఆగు, కాకపోతే మళ్ళీ తీయి, చివరికి ఎన్ని మిగిలాయి? నేను చేటలో ఎండుమిరపకాయలు పోసుకుని చేసేదాన్ని. వెనక పేజీలో జవాబు పది అని ఉండేది. నాకు తొమ్మిదే వచ్చేది. ఏ లెక్క చేసినా అంతే, ఒకటి తేడా.

"కాయలు లెక్కపెట్టడానికి ఉద్యోగమా? ఇన్నేళ్ళ నుంచీ కోస్తున్నా, నన్నెవరూ పిలవలేదే," అని అమ్మ నవ్వేది.

పరీక్ష వారం ఉందనగా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. అమ్మ ఎసట్లోకి సోలతో బియ్యం కొలుస్తోంది. ఎప్పటిలాగే మొదటి పిడికెడు, ఆదివారం గుడికిచ్చే డబ్బాలో వేసి, ఆ తర్వాత ఒకటి, రెండు అని మొదలుపెట్టింది. నేనూ మొదటి కాయను పక్కన పెట్టి, రెండో దాని దగ్గర ఒకటి అన్నాను. అలా చేస్తున్నానని నాకే తెలియదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆ మొదటిది లెక్కలో వెయ్యలేదేం, అమ్మాయ్?"

"అది దేవుడిది కదండీ."

"దేవుడిదే తల్లీ. కానీ చేటలోంచి వెళ్ళిందిగా."

అమ్మ తన చేతిలో సోలనూ గుడి డబ్బానూ మార్చి మార్చి చూసుకుంది. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ వారమంతా మొదటి కాయ తీయగానే "ఒకటి" అని పైకి చెప్పుకున్నాను.

పరీక్ష గదిలో కాయలు లేవు, పెన్సిలే. మొదటి గడిని నా వేలు అలవాటుగా దాటిపోబోయింది. ప్రార్థించుకుని, వేలు వెనక్కి తెచ్చి, అక్కడే ఒకటి వేశాను. ఆ మిల్లులో కుర్చీ దొరికింది. ఆ మరుసటి కోతలకు అమ్మ చేలోకి వెళ్ళలేదు.

దేవుడి దయ అని నేనెప్పుడూ అంటాను. ఆ దయ మా గుమ్మానికి అరిగిన చెప్పులతో నడిచొచ్చింది. ఆవిడ ఇప్పుడు లేరు, వెనక పిల్లలూ లేరు. మీరు బియ్యం కొలిచేటప్పుడు, మొదటి పిడికెడు దగ్గర ఒక్కసారి ఆవిడను తలుచుకోండి.