గంగమ్మకు తేయాకు మొక్కు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, సముద్రపు గాలికి మాట చెదిరిపోతుంది. ఆ రోజుల్లో, మైపాడు పక్కనున్న మా పల్లెలో వేటకు పోని మగవాడు లేడు, మా అన్న తప్ప. తెప్ప ఎక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేసేవాడు. (చేపలు పట్టేవాళ్లింట పుట్టి ఇదేం ఖర్మమని నాయన మొక్కని దేవుడు లేడు.) చివరికి నెల్లూరు హైస్కూల్లో వేశారు. అక్కడ ఎస్సెల్సీలో చరిత్ర ఒక్కటే తప్పాడు. నాయన తేల్చేశాడు: "ఈ తూరి గూడా తప్పితే తెప్పెక్కాల్సిందే. కక్కుకుంటావో ఏం జేసుకుంటావో నీ ఇష్టం."

నేను అయిదో తరగతితో బడి మానేసి వలలు బాగుచేస్తుండేదాన్ని. అన్న నా పక్కన కూర్చుని చరిత్ర పుస్తకంలో అమెరికావాళ్ల యుద్ధం పాఠం పైకి చదివేవాడు. మూడోసారికి నాకు వచ్చేసింది, ముప్పయ్యోసారికి కూడా తనకు రాలేదు. ఇక పుస్తకం మూయించి, వల ముడులు వేస్తూ నేనే కథలాగా చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లండు రాజు తన పాత యుద్ధాల ఖర్చు తెచ్చి అమెరికాలో కాపురమున్న జనం నెత్తిన వేయడం, వాళ్ల తరఫు మనిషి ఒక్కడూ లేని సభలో కూర్చుని కాగితాల మీదా తేయాకు మీదా పన్ను కట్టమనడం, ఒళ్లుమండి బోస్టన్ రేవులో కొందరు వేషాలు కట్టుకుని ఓడలెక్కి తేయాకు పెట్టెలన్నీ సముద్రంలో కుమ్మరించడం.

అక్కడ మా అవ్వ అడ్డుపడింది. మా పల్లెలో తొలివేటకు ముందు గంగమ్మకు పసుపూ కుంకుమా పాలూ సముద్రంలో వదలందే తెప్ప కదలదు. ఎండుచేపలు తిరగేస్తూనే అంది: "వేషాలు కట్టినారు, ఖరీదైన సరుకు సముద్రంలో ఇడిసినారు. గంగమ్మ జాతర గాక ఇంకేందిమే అది? గెలవక ఏమైతారు?"

నాకూ సబబుగానే తోచింది. (పుస్తకం రాసినాయనది సముద్రం లేని ఊరు కాబోలు, సంగతి తెలియక వదిలేశాడనుకున్నాను.) అప్పటినుంచి ఆ మొక్కు కూడా కలిపే చెప్పాను. ఆ తర్వాత రైతులు తుపాకులు పట్టడం, ఊళ్లు చేజారడం, చెప్పుల్లేని సైనికులు మంచులో నడవడం, సారటోగాలో గెలుపు చూసి ఫ్రాన్సు రాజు సాయానికి రావడం, యార్క్‌టౌన్ దగ్గర ముందు సైన్యం, వెనక ఫ్రెంచి ఓడలు కమ్ముకుంటే ఇంగ్లీషు దండు ఆయుధాలు కింద పెట్టడం, అన్నీ వరసగా చెప్పాను.

పరీక్ష రాసి అన్న వేలాడేసిన మొహంతో ఇల్లు చేరాడు. యుద్ధకారణాల్లో గంగమ్మ మొక్కును అన్నిటికన్నా ముందు రాశాడట. అది విని తోటివాళ్లు బస్సు దిగేదాకా నవ్వారట. "మే, నీ గంగమ్మ నన్ను నడిసముద్రంలో ముంచేసిందిమే," అన్నాడు. ఫలితాలు వచ్చేదాకా మళ్లీ నాతో మాట్లాడలేదు. రోజూ నేను తెప్ప వైపు వీపు పెట్టి కూర్చునే వలలు బాగుచేసేదాన్ని.

అన్న గట్టెక్కాడు. మొక్కు పోను తక్కిన యుద్ధమంతా సరిగ్గానే ఉన్నట్టుంది. నాయుడుపేటలో గుమాస్తా పని దొరికింది. బస్సెక్కే ముందు ఆ చరిత్ర పుస్తకం నా ఒళ్లో పెట్టి, "ఇది నీదేలేమే," అన్నాడు.

అది నాదే అయ్యాకగానీ అమెరికా తర్వాత ఇంకో పాఠం ఉందని చూడలేదు. కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా, నా కోసం నేను చదువుకున్న పాఠం అదొక్కటే. అమెరికాకు ఓడలిచ్చిన ఫ్రాన్సు రాజు ఇంట్లోనే గొడవ మొదలైంది, సొంత జనమే ఎదురుతిరిగి ఆయన్ను ఖైదులో వేశారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నాకు పెళ్లి కుదిరింది. పుస్తకం పుట్టింట్లో ఉండిపోయింది, తర్వాత చెదలు తిన్నాయన్నారు. పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా ఆ రాజు ఏమయ్యాడో అనుకునేదాన్ని. మొన్నీమధ్య మనవరాలిని అడిగితే, "తల నరికేశారు అవ్వా," అని తేలిగ్గా చెప్పేసింది. ఇన్నేళ్లూ ఆయన్ను నేనొక్కదాన్నే బతికించుకున్నానన్న మాట.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్ల తెరిచిన పుస్తకం చివరి పేజీ దాకా తెరిచే ఉండాలి.